రాత్రిపూట ఆవర్జా రాసేదెవరు?

మీ ఇంట్లో గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్కు ఉంటే, పెద్దవాళ్లను అడిగి ఒకసారి తెచ్చి, అట్ట మీద ఉన్న బ్యాంకు పేరు చదవండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పాత పెట్టెలు వెతికితే ఒకే కుటుంబంలో మూడు పేర్ల పాస్‌బుక్కులు దొరకవచ్చు. అన్నిటికంటే పాతదాని మీద "శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు" అని ఉంటుంది. శ్రీకాకుళంలో ప్రధాన కార్యాలయం పెట్టుకుని మన ప్రాంతంలో పనిచేసిన బ్యాంకు అది. 2006లో అది మరో నాలుగు గ్రామీణ బ్యాంకులతో కలిసి "ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు" అయింది. ఆ తర్వాత 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఏకమై "ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు" ఏర్పడింది.

బ్యాంకు పేరు మారితే గుమ్మం మీద బోర్డు మార్చాలి. దానికి ఒక పెయింటరు, ఒక నిచ్చెన చాలు. కాని లోపల ఉన్న ఖాతాల సంగతేమిటి? పలాస జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే అమ్మ దాచుకున్న సొమ్ము, బొబ్బిలి దగ్గర రైతు తీసుకున్న పంట రుణం, చెన్నైలో తాపీ పనికి వెళ్లిన నాన్న మీ పరీక్ష ఫీజు కోసం పంపిన డబ్బు, ఇవన్నీ ఒక్క పైసా అటూ ఇటూ కాకుండా కొత్త లెక్కల్లోకి చేరాలి కదా! లక్షల ఖాతాలను గుమాస్తాలు కూర్చుని చేత్తో ఎత్తి రాయలేరు. కంప్యూటరుకు ముందుగా రాసి ఇచ్చిన ఆదేశాలే ఆ పని చేస్తాయి. అదీ సాధారణంగా రాత్రిపూటో, సెలవు రోజునో చేస్తాయి.

బ్యాంకులు కలిసిన రోజున మాత్రమే జరిగే పని కాదిది. మీరు నిద్రపోయే ప్రతి రాత్రీ ప్రతి బ్యాంకులోనూ ఇలాంటి పని ఒకటి నడుస్తూనే ఉంటుంది. అది ఎలా నడుస్తుంది? మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? పొరపాటున రెండుసార్లు నడిస్తే మన డబ్బు ఏమవుతుంది? చూద్దాం.

చిట్టా, ఆవర్జా

ముందు కంప్యూటరు సంగతి పక్కన పెట్టి, ఊళ్లోని పాతకాలపు కిరాణా కొట్టు దగ్గరికి వెళదాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరు ఏం తీసుకున్నా షావుకారు ఒక పుస్తకంలో వరసగా రాసుకుంటూ పోతాడు. రాములమ్మ రెండు కిలోల ఉప్పు, అప్పలనాయుడు ఒక సబ్బు, మళ్లీ రాములమ్మ పావుకిలో బెల్లం. జరిగింది జరిగినట్టు, వచ్చిన వరసలో రాసే ఈ పుస్తకం పేరు చిట్టా.

రాత్రి కొట్టు కట్టే ముందు ఆయన దీపం దగ్గర కూర్చుని మరో పెద్ద పుస్తకం తీస్తాడు. అందులో ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట ఉంటుంది. చిట్టాలోని పద్దులను ఒక్కటొక్కటిగా చూస్తూ రాములమ్మవి రాములమ్మ పుటలో, అప్పలనాయుడివి అప్పలనాయుడి పుటలో ఎక్కిస్తాడు. ఈ రెండో పుస్తకం పేరు ఆవర్జా.

పగలే ఆవర్జాలో రాయవచ్చు కదా? రాయవచ్చు. కాని ప్రతిసారీ పుట వెతుకుతూ కూర్చుంటే కొట్టు ముందు జనం ఆగిపోతారు. ఒకేరకం పనులన్నీ పోగుచేసి, తీరిక వేళ ఒక్క ఊపున చేసేస్తే సుళువు. అమ్మ ఇడ్లీలు ఒక్కొక్కటిగా వండదు, వాయి వాయిగా దించుతుంది. ఇంగ్లీషులో "బ్యాచ్" అంటే మన వాయే. ఒకేరకం పనులను పోగుచేసి ఒకే వాయిగా కంప్యూటరు చేత చేయించడాన్ని "బ్యాచ్ జాబ్" అంటారు. ఆ వాయికి కావలసిన ఆదేశాలను వరసగా రాసిపెట్టిన పత్రమే "స్క్రిప్టు".

ఈనాటి బ్యాంకులో మీ నాన్న ఏటీఎంలో డబ్బు తీస్తే నిల్వ అప్పటికప్పుడే తగ్గుతుంది. రాత్రిదాకా ఆగనవసరం లేదు. అది పగటి పని. ప్రతి ఖాతాకూ ఆ రోజు వడ్డీ కట్టడం, రుణాల వాయిదాల గడువు చూడడం, రోజు మొత్తం మీద జమలూ ఖర్చులూ సరిపోయాయో లేదో సరిచూడడం వంటివి మాత్రం రాత్రి పనులు. కరెంటు బిల్లులు తయారుచేసే సంస్థలూ, జీతాలు కట్టే పెద్ద కంపెనీలూ, సరుకుల లెక్క చూసే ఫ్యాక్టరీలూ ఇలాంటి వాయిలే నడుపుతాయి.

పట్టికలతో మాట్లాడే భాష

కంప్యూటరులో ఆవర్జా ఎలా ఉంటుంది? మీ క్లాసు హాజరు పట్టీని గుర్తు చేసుకోండి. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో విద్యార్థిది. నిలువు గడుల్లో నంబరు, పేరు, తేదీలు ఉంటాయి. బ్యాంకు ఖాతాలు కూడా అలాంటి పట్టికలోనే ఉంటాయి. ఒక్కో వరుస ఒక్కో ఖాతా. గడుల్లో ఖాతా నంబరు, పేరు, ఖాతా రకం, నిల్వ.

సమాచారాన్ని ఇలా పట్టికల రూపంలో అమర్చి గణిత సూత్రాల ప్రకారం వాడుకోవచ్చునని 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసంలో వివరించాడు. ఆయన ఐబీఎం కంపెనీలో పనిచేసేవాడు. అదే కంపెనీలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు 1974లో ఆ పట్టికలతో మాట్లాడడానికి ఒక భాష తయారుచేశారు. దానికి వాళ్లు "సీక్వెల్" అని పేరు పెట్టారు. ఆ పేరు మీద హక్కు అప్పటికే వేరే సంస్థకు ఉండడంతో తర్వాత దాన్ని "ఎస్‌క్యూఎల్" అని కుదించారు. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ దాన్ని ప్రామాణిక భాషగా గుర్తించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రపంచమంతటా బ్యాంకుల్లో, రైల్వేల్లో, కార్యాలయాల్లో అదే భాష నడుస్తోంది.

ఈ భాషలో ఒక సొగసు ఉంది. మనకు ఏమి కావాలో చెబితే చాలు. ఎలా వెతకాలో, ఏ వరుస ముందు చూడాలో కంప్యూటరే చూసుకుంటుంది. మచ్చుకి ఒక ఆదేశం చూడండి. నిజానికి ఇది ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. మీ కోసం తెలుగు లిపిలో రాస్తున్నాను.

అప్‌డేట్ ఖాతాలు
సెట్ నిల్వ = నిల్వ + వడ్డీ
వేర్ రకం = 'పొదుపు'

"ఖాతాల పట్టికను సవరించు. పాత నిల్వకు వడ్డీ కలిపి కొత్త నిల్వగా పెట్టు. అయితే రకం అనే గడిలో 'పొదుపు' అని ఉన్న ఖాతాలకు మాత్రమే" అని దీని అర్థం. మూడే మూడు పంక్తులు. ఖాతాలు పది ఉన్నా, పది లక్షలు ఉన్నా ఆదేశం ఇంతే.

ఈ భాష బలం ఇందులోనే ఉంది. ప్రమాదమూ ఇందులోనే ఉంది. తొందరలో మూడో పంక్తి రాయడం మరిచిపోయారనుకోండి. కంప్యూటరు ఏమీ అనదు. మీరు అన్ని ఖాతాలకూ అన్నారని అనుకుని రుణ ఖాతాలనూ, మూసేసిన ఖాతాలనూ కూడా మార్చేస్తుంది. గుమాస్తా చేత్తో రాసేటప్పుడు ఒక తప్పు చేస్తే ఒక ఖాతా చెడుతుంది. స్క్రిప్టులో ఒక పంక్తి తప్పితే లక్ష ఖాతాలు ఒకేసారి చెడతాయి.

పొదుపు ఖాతా ఎవరిదో గుర్తించడానికి పేరు వాడకూడదా అని మీకు సందేహం రావచ్చు. మన ప్రాంతంలో అది అసలు కుదరదు. మీ బడిలోనే ఎంతమంది పైడిరాజులూ, అప్పలనాయుళ్లూ, సింహాచలాలూ ఉన్నారో లెక్కపెట్టండి. ఇంటిపేరు కూడా ఒకటే అయినవాళ్లు ఒకే ఊళ్లో ఇద్దరు దొరుకుతారు. అందుకే ప్రతి వరుసకూ మరెవరికీ లేని ఒక నంబరు ఇస్తారు. దాన్ని ఆ పట్టికకు "కీ" అంటారు. పేరు తప్పు పడితే దిద్దుకోవచ్చు. ఆ నంబరు మారితే మాత్రం ఒకరి సొమ్ము మరొకరిదైపోతుంది.

రాత్రి పనితో మనకు వచ్చిన లాభం

రాత్రి పని వల్ల మామూలు ఖాతాదారుకు ఏం ఒరిగింది? ఒక లెక్క చేసి చూద్దాం.

పూర్వం పొదుపు ఖాతాలకు వడ్డీ ఇలా కట్టేవారు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి తేదీ దాకా ఖాతాలో ఉన్న నిల్వల్లో అన్నిటికంటే తక్కువది ఏదో చూసేవారు. ఆ నెలకు వడ్డీ దాని మీదే. చేత్తో లెక్కలు కట్టే రోజుల్లో అంతకంటే ఎక్కువ చేయడం కష్టం. బ్యాంకుల్లో కంప్యూటర్లు బాగా వచ్చాయి గనుక ఇకమీదట ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ కట్టాలని రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి అమలులోకి వచ్చింది. అప్పుడు పొదుపు ఖాతా వడ్డీ రేటు సాలీనా 3.5 శాతం.

ఒక రైతు ఖాతాలో ఏప్రిల్ 1 నుంచి 10,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. 28వ తేదీన ఆయన 9,000 తీసుకున్నాడు. 28, 29, 30 తేదీల్లో రాత్రి నిల్వ 1,000 మాత్రమే.

పాత పద్ధతిలో కనిష్ఠ నిల్వ 1,000. దాని మీద ఒక నెల వడ్డీ: 1,000 × 3.5 ÷ 100 ÷ 12 = 2 రూపాయల 92 పైసలు.

కొత్త పద్ధతిలో రోజువారీ నిల్వలన్నీ కూడాలి. 10,000 చొప్పున 27 రోజులు, 1,000 చొప్పున 3 రోజులు. మొత్తం 2,73,000. దీన్ని 3.5తో హెచ్చవేసి, 100తోనూ 365తోనూ భాగిస్తే 26 రూపాయల 18 పైసలు.

చూశారా! 27 రోజులు బ్యాంకులో ఉన్న సొమ్ముకు పాత పద్ధతిలో విలువే లేకుండా పోయింది. నెలాఖరున డబ్బు తీసుకోక తప్పని పేదవాడికే ఆ నష్టం ఎక్కువ. కొత్త పద్ధతి న్యాయమైనదే, కాని పని ఎంత పెరిగిందో చూడండి. ఒక శాఖలో 5,000 ఖాతాలు ఉన్నాయనుకుంటే ఏడాదికి 5,000 × 365, అంటే 18,25,000 నిల్వలు చూడాలి. మనుషులు చేత్తో చేయగలిగేది కాదు. రాత్రి నడిచే స్క్రిప్టుకు మాత్రం ఇది మామూలు పని.

మధ్యలో ఆగిపోతే?

రాత్రి రెండు గంటలకు పని సగంలో ఉండగా కంప్యూటరు ఆగిపోయిందనుకోండి. ఏం జరుగుతుంది?

ముందు చిన్న ఉదాహరణ తీసుకుందాం. చెన్నైలో ఉన్న నాన్న టెక్కలిలో ఉన్న అమ్మకు 2,000 రూపాయలు పంపాడు. కంప్యూటరు రెండు పనులు చేయాలి. నాన్న ఖాతాలో 2,000 తగ్గించాలి. అమ్మ ఖాతాలో 2,000 పెంచాలి. మొదటి పని అయి, రెండోది కాకముందే యంత్రం ఆగిపోతే ఆ 2,000 ఎక్కడున్నట్టు? నాన్న దగ్గరా లేదు, అమ్మ దగ్గరా లేదు.

ఈ చిక్కు తీర్చడానికి రెండు పనులనూ ఒకే మూటగా కడతారు. దాన్ని "ట్రాన్సాక్షన్" అంటారు. మూటలోని పనులన్నీ అయితేనే అయినట్టు. ఏ ఒక్కటి ఆగినా అసలు ఏదీ జరగనట్టే. అన్నీ సవ్యంగా అయితే స్క్రిప్టు చివర "కమిట్" అంటుంది, అంటే ఖాయం చేయమని. తేడా వస్తే "రోల్‌బ్యాక్" అంటుంది, అంటే మొదటికి తీసుకుపొమ్మని.

యంత్రం హఠాత్తుగా ఆగిపోతే, ఎక్కడిదాకా జరిగిందో దానికి మళ్లీ ఎలా గుర్తుంటుంది? ఇక్కడ మన షావుకారు పద్ధతే పనికొస్తుంది. కంప్యూటరు ఆవర్జాను ముట్టుకునే ముందు, తాను చేయబోయేదాన్ని చిట్టాలో రాస్తుంది. ఆ చిట్టాను "లాగ్" అంటారు. తిరిగి లేచాక చిట్టా చదువుకుంటుంది. ఖాయమైన మూటలు ఆవర్జాలో ఎక్కకపోయి ఉంటే ఎక్కిస్తుంది. ఖాయం కానివాటి గుర్తులేమైనా పడి ఉంటే తుడిచేస్తుంది. ఈ ట్రాన్సాక్షన్ల శాస్త్రాన్ని పెంచినవారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం కాడ్‌కు 1981లోనూ, గ్రేకు 1998లోనూ లభించింది.

ఇక పది లక్షల ఖాతాల పనిని ఒకే మూటగా కట్టవచ్చా? కట్టవచ్చు గాని, చివరి ఖాతా దగ్గర ఆగితే మొత్తం మళ్లీ చేయాలి. అందుకని వెయ్యేసి ఖాతాలకు ఒక చిన్న మూట కట్టి, ఒక్కోటి ఖాయమైనప్పుడల్లా "ఇక్కడిదాకా అయింది" అని గుర్తు పెట్టుకుంటారు. ఆగితే ఆ గుర్తు తర్వాతి ఖాతా నుంచి మొదలుపెడతారు. కాలినడక బాటసారి మజిలీ మజిలీకీ ఆగినట్టన్నమాట.

రెండుసార్లు నడిస్తే?

స్క్రిప్టు పూర్తయింది. కాని ఆ కబురు చేరలేదు. కాలేదేమోనని రాత్రి కాపలా ఉన్న ఉద్యోగి దాన్ని మళ్లీ నడిపాడు. అప్పుడు పైన రాసిన "నిల్వ = నిల్వ + వడ్డీ" అనే ఆదేశం అందరికీ రెండోసారి వడ్డీ కలిపేస్తుంది. వడ్డీ అయితే ఖాతాదారుకు సంతోషమే గాని, అదే స్క్రిప్టు రుణం వాయిదా కోసుకునేదైతే? రైతు ఖాతాలో రెండు వాయిదాలు కోతపడతాయి.

ఉపాధి హామీ పనుల దగ్గర మస్టర్ రోల్ చూశారా? ఏ రోజు ఎవరు పనికి వచ్చారో అందులో పేరుకు ఎదురుగా గుర్తు పడుతుంది. ఒకే రోజు ఒకే మనిషికి రెండు హాజర్లు పడడానికి అక్కడ రెండు గడులు ఉండవు. మంచి స్క్రిప్టు కూడా ఇలాగే చేస్తుంది. నిల్వను నేరుగా పెంచేయకుండా, "ఈ నంబరు ఖాతాకు ఈ తేదీ వడ్డీ ఇంత" అని వేరే పట్టికలో ఒక వరుస రాస్తుంది. ఒక ఖాతాకు ఒక తేదీన ఒకే వరుస ఉండాలని ఆ పట్టికకు ముందే కట్టడి పెడతారు. రెండోసారి నడిపితే, ఆ వరుస అప్పటికే ఉంది కాబట్టి కొత్తగా ఏమీ రాయదు. ఒకసారి నడిపినా, పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే.

స్క్రిప్టు బాగుందా లేదా అని తేల్చడానికి అనుభవజ్ఞులు ముందుగా అడిగే రెండు ప్రశ్నలు ఇవే: మధ్యలో ఆగితే ఏమవుతుంది? రెండోసారి నడిస్తే ఏమవుతుంది? ఈ రెండింటికీ జవాబు లేని స్క్రిప్టును అసలు ఖాతాల దగ్గరికి రానివ్వకూడదు.

అసలు ఖాతాల మీదికి వెళ్లేముందు

స్క్రిప్టు రాసినంత మాత్రాన పని అయిపోదు. దాన్ని అమలులో పెట్టడం ఒక ప్రత్యేక విద్య. పండగకు నాటకం వేసేవాళ్లు నేరుగా స్టేజీ ఎక్కరు కదా! నెల రోజులు రిహార్సలు చేస్తారు. అలాగే స్క్రిప్టును ముందు ఒక నకలు పట్టిక మీద నడుపుతారు. చివరి రిహార్సలుకు ఆ నకలు, అసలంత పెద్దదిగా కూడా ఉండాలి. వంద ఖాతాల మీద క్షణంలో అయ్యే పని, పది లక్షల మీద తెల్లవారేదాకా పట్టవచ్చు. బ్యాంకు తలుపులు తెరిచే వేళకు అది ముగిసి ఉండాలి.

నకలు మీద నడిపేటప్పుడు కావాలని చిక్కు ఖాతాలు కలుపుతారు. నిల్వ సున్నా ఉన్నది ఒకటి, నిన్ననే మూసేసినది ఒకటి, పేరు మరీ పొడుగ్గా ఉన్నది ఒకటి. ఫిబ్రవరి 29న తెరిచిన ఖాతా ఒకటి, మార్చి 31 రాత్రి పద్దులు ఉన్నది ఒకటి. మామూలు లెక్క ఎవరైనా సరిగ్గానే చేస్తారు. తప్పు దొరికేది ఇలాంటి మూలల్లోనే.

ఇక సరిచూసుకోవడం. బ్యాంకులు కలిసినప్పుడు పాత పట్టిక నుంచి కొత్తదానికి ఖాతాలు మార్చారనుకుందాం. పాతదానిలో మూడే ఖాతాలు ఉన్నాయి: 101వ నంబరులో 4,000, 102లో 2,500, 103లో 700. ఖాతాల సంఖ్య 3. నిల్వల మొత్తం 7,200. కొత్తదానిలో కూడా అంతే ఉంటే సరిపోయినట్టేనా?

తొందరపడకండి. 103కు బదులు 108 అని పడి ఉంటే? సంఖ్యా సరిపోతుంది, నిల్వల మొత్తమూ సరిపోతుంది. అందుకని ఖాతా నంబర్లను కూడా కూడతారు. 101, 102, 103 కలిపితే 306. కొత్తదానిలో 311 వస్తుంది. తప్పు దొరికింది! ఖాతా నంబర్లు కూడితే వచ్చే సంఖ్యకు స్వతహాగా ఏ అర్థమూ లేదు. దొంగను పట్టడానికి మాత్రం పనికొస్తుంది.

మరి 101, 102 నంబర్ల నిల్వలు ఒకదానికొకటి తారుమారైతే? ఈ మూడు పరీక్షలూ నెగ్గుతాయి. అప్పుడు ప్రతి ఖాతా నంబరునూ దాని నిల్వతో హెచ్చవేసి ఆ లబ్ధాలు కూడండి. పాతదానిలో 7,31,100 వస్తుంది. తారుమారైనదానిలో 7,32,600. ఈ తప్పూ బయటపడింది. ఎందుకు పడిందో మీ బీజగణితంతో తేల్చుకోండి.

వరస కూడా ముఖ్యమే. కోత కాకుండా నూర్పు లేదు, నూర్పు కాకుండా తూర్పార లేదు. అలాగే రోజు పద్దులన్నీ ఎక్కాకే వడ్డీ, వడ్డీ అయ్యాకే మొత్తాల నివేదిక. వందల స్క్రిప్టులు ఏది ముందో, ఏది వెనకో చూసి నడిపించడానికి ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని "షెడ్యూలర్" అంటారు.

ఆ షెడ్యూలరే చెడితే ఎంత పని అవుతుందో 2012లో బ్రిటన్‌లో అనుభవమైంది. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ ఆ ఏడాది జూన్‌లో తన షెడ్యూలర్‌కు కొత్త రూపం ఎక్కించింది. అందులో తేడాలు కనబడగానే దాన్ని తీసేసి పాతదానికి వెళ్లింది. కాని అలా వెనక్కి వెళితే ఏమవుతుందో ముందుగా పరీక్షించలేదు. పాతదానికీ కొత్తదానికీ పొసగలేదు. రాత్రి పనులు ఆగిపోయాయి, ఒక రాత్రి పని మరో రాత్రి మీద పడింది. 65 లక్షలకు పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. జీతాలు ఖాతాల్లో చేరలేదు, వాయిదాలు కట్టడం కుదరలేదు. 2014లో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా వేశాయి. ముందుకు వెళ్లే దారినే గాక, వెనక్కి వచ్చే దారిని కూడా రిహార్సలు చేయాలని ఈ ఉదంతం నేర్పింది.

అదే ఏడాది ఆగస్టు 1న అమెరికాలో మరొకటి జరిగింది. షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ అనే సంస్థ తన ఎనిమిది కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాము ఎక్కించాలి. ఏడింటిలో ఎక్కించారు. ఎనిమిదోది మిగిలిపోయింది. అక్కడ ఎక్కిందో లేదో రెండో మనిషి చూడాలన్న నియమం లేదు. అందులోని పాత ప్రోగ్రాము కొత్త ఆదేశాలను తప్పుగా అర్థం చేసుకుని, ఎడాపెడా షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. దాదాపు 45 నిమిషాల్లో సంస్థ 46 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది.

ఈ రెండు చోట్లా కంప్యూటర్లు తమకు చెప్పిందే చేశాయి. లోపం ఉన్నది అమలు చేసిన పద్ధతిలో. అందుకే జాగ్రత్తగల సంస్థల్లో స్క్రిప్టు రాసినవారే దాన్ని అసలు ఖాతాల మీద నడపరు. రెండో మనిషి చదివి చూడాలి. ముందుగా ఖాతాలన్నిటికీ నకలు తీసి భద్రపరచాలి. ప్రతి స్క్రిప్టుకూ ఒక వరస సంఖ్య ఉండాలి. ఏది ఎప్పుడు, ఎక్కడ, ఎవరు నడిపారో రాసి ఉండాలి. చివరకు మొత్తాలు సరిపోకపోతే, ఎంత ఆలస్యమైనా సరే, వెనక్కి తీసుకురావాలి.

మీరూ చేసి చూడండి

దీనికి కంప్యూటరు అక్కర్లేదు. మీ క్లాసులో 20 చీటీలు తీసుకుని ఒక్కోదాని మీద ఒక ఖాతా నంబరు, ఒక నిల్వ రాయండి. ఒక విద్యార్థికి "ప్రతి చీటీలోనూ నిల్వకు 10 కలిపి, పాతది చెరిపి కొత్తది రాయి" అని స్క్రిప్టు ఇవ్వండి. సగంలో ఉండగా మాస్టారు చప్పట్లు కొడతారు. వెంటనే ఆ విద్యార్థి బయటికి వెళ్లిపోవాలి. చీటీలన్నీ కలిపేసి రెండో విద్యార్థిని పిలిచి, మిగిలింది పూర్తిచేయమనండి. మొదటి వాడిని ఏమీ అడగకూడదు. అతనికి ఎంత తికమకగా ఉంటుందో చూడండి!

ఇప్పుడు స్క్రిప్టు మార్చండి: "చీటీ వెనక ఈనాటి తేదీ ఉంటే వదిలెయ్యి. లేకపోతే 10 కలిపి, తేదీ వెయ్యి." మళ్లీ ఆట ఆడండి. ఎక్కడ చప్పట్లు కొట్టినా, ఎంతమంది మారినా చివరి మొత్తం సరిగ్గా 200 పెరుగుతుంది. ఇంకా ఒక చిక్కు మిగిలే ఉంది. 10 కలిపాక, తేదీ వేసేలోగా చప్పట్లు పడితే? పైన చెప్పిన "మూట" ఇక్కడ ఎలా కట్టాలో క్లాసులో చర్చించండి.

పెద్దవాళ్ల పాస్‌బుక్కులో "వడ్డీ" అని పడిన పద్దు ఒకటి వెతికి, ఆ వ్యవధిలో రోజువారీ నిల్వలు కూడి, ఆనాటి వడ్డీ రేటు బ్యాంకులో అడిగి, మీరే లెక్క కట్టి చూడండి. ఖాతా నంబరు మాత్రం బయటివాళ్లకు చూపించకండి. మీ లెక్కకూ బ్యాంకు లెక్కకూ తేడా వస్తే ముందు మీ కూడికలు సరిచూసుకోండి. అప్పటికీ తేడా ఉంటే పెద్దవాళ్లతో కలిసి శాఖకు వెళ్లి అడగండి. రాత్రి ఆవర్జా ఎవరు రాసినా, పగలు దాన్ని సరిచూసుకునే హక్కు ఖాతాదారుకు ఉంది.